పెళ్లికి మూడు నెలల ముందు ముక్కు సర్జరీ?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. ముక్కు దూలం మధ్యలో ఎత్తుగా లేచి ఉంటుంది, చిన్నప్పటి నుంచీ చిలకముక్కు అని ఏడిపించేవాళ్లు. సెల్ఫీ చూసుకుంటే ఏడుపొస్తుంది. మూడు నెలల్లో పెళ్లి. ఈలోపు సర్జరీ చేయించుకుందామంటే అమ్మ భయపడుతోంది. ఏమేం తెలుసుకోవాలి?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: పెళ్లికి ముందు మాత్రం వద్దమ్మా. ఆపరేషనే తప్పని కాదు, మీ లెక్క కుదరదు. పైన వేసే పట్టీ వారంలో తీసేస్తారు, కళ్ల కింద కమిలిన నలుపు రెండు వారాల్లో పోతుంది, ఇంతవరకూ అందరూ చెబుతారు. ముక్కు కొన దగ్గర వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుందనీ, చర్మం మందంగా ఉంటే, మనలో చాలామందికి అలాగే ఉంటుంది, ఇంకా ఆలస్యమవుతుందనీ మాత్రం గట్టిగా చెప్పరు. మూడు నెలలకు ఉండేది ఇంకా వాపు తగ్గని ముక్కు, పెళ్లి ఆల్బంలో పడేది కూడా అదే. ముక్కుపుడక ఉంటే ఆపరేషన్‌కి ముందే తీసేయాలి, కళ్లజోడు ఉంటే నెలా నెలన్నర దాకా ముక్కు మీద ఆనించకూడదు.

సెల్ఫీ సంగతి. ఫోన్ అడుగు దూరంలో పెట్టి తీస్తే, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో కంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. కాబట్టి ముందు ఎవరితోనైనా దూరం నుంచి, పక్క నుంచి ఫొటో తీయించుకుని చూసుకోండి. అప్పుడూ బాధగానే ఉంటే, పెళ్లయ్యాక తీరిగ్గా డాక్టర్ని కలవండి.

ఎవర్ని? ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ డిగ్రీ చేసినవాళ్లని, లేదా ముక్కు ఆకారం సరిచేసే ఆపరేషన్లు తరచూ చేసే ఈఎన్‌టీ సర్జన్‌ని. వాళ్లు కంప్యూటర్‌లో చూపించే బొమ్మ గ్యారంటీ కాదు, పాత పేషెంట్ల ఫొటోలు ఏడాది తర్వాత తీసినవి చూపించమనండి. దూలం అరగదీసేటప్పుడు లోపలి ఆధారం దెబ్బతింటే ముక్కు అందంగానే ఉండి ఊపిరి మాత్రం ఆడదు, అందుకే శ్వాస గురించి మీరే ముందు అడగండి. నూటికి 5 నుంచి 15 మందికి రెండోసారి చేయాల్సి వస్తుందని సాధారణంగా చెబుతారు. ఆ ఖర్చెవరిది, మత్తు ఎవరిస్తారు, ఇవి మొహమాటపడే ప్రశ్నలు కావు. అందం కోసం చేసేదానికి ఆరోగ్య బీమా రాదు. లోపలి అడ్డగోడ వంకరై గాలి ఆడకపోతే ఆ భాగానికి రావచ్చు, కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: కోత లేకుండా ఇంజెక్షన్‌తో పది నిమిషాల్లో ముక్కు సరిచేస్తామని మా వీధి బ్యూటీ క్లినిక్‌లో అంటున్నారు. నమ్మొచ్చా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఫిల్లర్ అంటారు దాన్ని. అది ముక్కుని తగ్గించదు, ఎత్తు పక్కన పల్లాన్ని నింపి నున్నగా కనిపించేలా చేస్తుంది అంతే, కొన్నాళ్లకు కరిగిపోతుంది. అసలు భయం వేరే. మందు రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోతుంది. ఇచ్చేది డాక్టరేనా, తేడా వస్తే దాన్ని వెంటనే కరిగించే మందు అక్కడ ఉందా అని అడగండి, నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.