నడివయసు వెలితికి తత్వశాస్త్రం పనికొస్తుందా? నాకు పనికొచ్చింది

"వయసు నలభై ఆరు. ఉద్యోగం ఉంది, ఇల్లు కట్టుకున్నాం, పిల్లలు చదువుల్లో పడ్డారు. అయినా జీవితమంటే ఇంతేనా అనిపిస్తోంది. ఉద్యోగం మానేద్దామా అని కూడా ఉంది. ఇలాంటివాటికి తత్వశాస్త్రం పనికొస్తుందా?" అని అడిగారు. పనికొస్తుందండీ. నేను రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, మీకన్నా నాలుగైదేళ్లు పెద్దదాన్ని. నాకు ఏది ఉపయోగపడిందో, ఏది పడలేదో రాస్తాను.

"నీకేం తక్కువైందని?" అని ఇంట్లోవాళ్లు ఈపాటికి అనే ఉంటారు. ఆ మాటకు కుంగిపోకండి. చాలామందికి ఈ వెలితి అనుకున్నవి జరిగాకే మొదలవుతుంది. మా హోమ్ లోన్ తీరాక బ్యాంకువాళ్లు ఇంటి ఒరిజినల్ డాక్యుమెంట్లు చేతికిచ్చారు. పెళ్లయిన కొత్తల్లోంచి ఎదురుచూసిన రోజు అది. ఆ కవరు బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. రాత్రి వంట మొదలుపెట్టేసరికే "ఇక తర్వాతేంటి?" అనిపించింది. మావారు స్వీట్లు తెచ్చారు. నాకు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది.

కోరుకున్నది దొరక్కపోతే బాధ, దొరికితే విసుగు, మనిషి బతుకంతా ఈ రెంటి మధ్య ఊగుతుంటుంది అన్నాడు షోపెన్‌హావర్ అనే జర్మన్ తత్వవేత్త. జబ్బేమిటో బాగానే చెప్పాడు గానీ, నాకు మందు దొరికింది ఇంకొకరి దగ్గర. అమెరికాలోని ఎం.ఐ.టి. యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్పే కీరన్ సెటియాకు ముప్పై ఐదేళ్ల ప్రాంతంలో, ఉద్యోగం స్థిరపడ్డాక, ఇదే వెలితి పట్టుకుంది. దాని గురించి 2017లో ఒక పుస్తకమే రాశాడు. అరిస్టాటిల్ ఎప్పుడో చేసిన ఒక విభజనను ఆయన ఇందులోకి తెచ్చాడు. కొన్ని పనులకు ముగింపు ఉంటుంది: ఇల్లు కట్టడం, ప్రమోషన్ తెచ్చుకోవడం, పిల్లకు సీటు రావడం. అవి అయ్యేదాకా "ఇంకా కాలేదు", అయ్యాక "అయిపోయింది". మధ్యలో చేతికందేది ఏమీ ఉండదు. పైగా వాటిలో గెలవడమంటే, మన రోజులకు అర్థం ఇస్తున్న పనిని మన చేతులతోనే ముగించడం. రెండోరకం పనులకు ముగింపు లేదు: ఊరికే నడవడం, సంగీతం వినడం, ఒకరికి ఒకటి అర్థమయ్యేలా చెప్పడం. అవి చేస్తున్నప్పుడే పూర్తిగా ఉంటాయి, ఎప్పటికీ తరిగిపోవు. మొదటిరకం మానెయ్యమని ఆయన అనలేదు. బరువంతా దానిమీదే వేస్తే నడివయసులో కాళ్ల కింద నేల కదులుతుంది, అంతే.

ఇది చదివాక "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకం నాకు వేరేగా వినబడింది. జీతం, పేరు అడక్కుండా పనిచెయ్యమనడానికి ఆ శ్లోకాన్ని వాడేవాళ్లంటే నాకు కోపం. ఫలం ఎప్పుడూ రేపటిది, చేసేపని ఇవాళ్టిది, నీది అని చెప్పుకోగలిగింది ఇవాళ్టిదే అని నేను అర్థం చేసుకున్నాను.

మాటల్లో సరే, రోజువారీ బతుకులో ఎలా అంటారేమో. ఫస్టియర్ పిల్లలకు ల్యాబ్‌లో టైట్రేషన్ చేయిస్తాను, అంటే ఒక ద్రావణాన్ని కొంచెం కొంచెంగా కలుపుతూ ఇంకోదాని గాఢత కనుక్కోవడం. బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలో సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, కింద ఫ్లాస్కులో ఆసిడ్, అందులో రెండు చుక్కలు ఫినాల్ఫ్తలీన్, ఆసిడ్ అంతా తీరగానే గులాబీరంగుకు మారి చెప్పే సూచిక. చివరికొచ్చేసరికి ఒక్కో చుక్కే వదలాలి. చుక్క పడినచోట గులాబీరంగు మెరిసి, ఫ్లాస్కు తిప్పగానే మాయమవుతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఆ తర్వాతి చుక్కకు లేతరంగు పోకుండా నిలబడుతుంది, "మేడమ్, వచ్చేసింది!" అని అరుస్తారు. సిలబస్ ఎప్పుడవుతుంది, రికార్డులు ఎప్పుడు దిద్దాలి అన్న లెక్క నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఆ కాసేపు ఆ లెక్క పక్కన పెట్టి వాళ్ల పక్కనే నిలబడతాను. ఉద్యోగం అదే, జీతం అదే. ఇంటికొచ్చేటప్పుడు ఉండే నీరసం మాత్రం బాగా తగ్గింది.

ఇక "అటు వెళ్లి ఉంటే" అన్న బాధ. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చినా, అత్తగారి ఆరోగ్యం, చంటిపిల్ల, అన్నీ చూసుకుని వెళ్లలేదు. దానిమీద నాకు ఇప్పటికీ చింత ఉంది, ఆ చింతను పోగొట్టుకోవాలని కూడా ప్రయత్నించడం లేదు. సెటియా మాటే మళ్లీ: ఏ చింతా లేకుండా బతకాలంటే లోకంలో ప్రేమించదగ్గది ఒక్కటే ఉండాలి. చాలా ఉన్నాయి కాబట్టే కొన్ని వదులుకున్న నొప్పి. ఇంకో సంగతి, ఆ ఊహాజీవితంలో సైంటిస్టుగా నేను కనిపిస్తానే గానీ, ఫెయిలైన ప్రయోగాలూ గైడుతో పేచీలూ కనిపించవు. ఇక్కడి జీవితంలోనో, మా అమ్మాయి పరీక్షల రాత్రుల్లో టీ కప్పుతో నా గది గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పడం దాకా ప్రతి వివరమూ ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి తూచేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

చావు గురించిన భయానికి మాత్రం తత్వవేత్తలు నాకు పెద్దగా సాయపడలేదు. "చావు ఉన్నచోట మనం ఉండం" అన్న ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ వాదం తర్కానికి బాగుంది, నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు అక్కరకు రాలేదు. భర్తృహరి "కాలో న యాతో వయమేవ యాతాః" అన్నాడు, కాలం గడవలేదు, మనమే గడిచిపోయాం అని. అది ఓదార్పు కాదు. అయినా నిజం చెప్పే మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే అది తత్వశాస్త్రం పని కాదు. డాక్టర్‌ని కలవండి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

రాజీనామా గురించి: ఇప్పుడే వద్దు. మీ పనిలో ముగింపుతో సంబంధం లేకుండా మీకు నచ్చే భాగం ఏదైనా ఉందా, కొన్ని నెలలు గమనించండి. ఉంటే దానికి రోజులో కాస్త ఎక్కువ చోటివ్వండి. ఎంత వెతికినా ఏదీ కనబడకపోతే, అప్పుడు ఇంట్లో కూర్చుని డబ్బు లెక్కలతో సహా మాట్లాడుకోండి.