ఫ్యాను మాత్రమే కనిపించినా ఫోన్ పెట్టెయ్యకు

అమ్మడూ,

మీ అక్క కూతురు వీడియో కాల్‌లో నిన్ను చూసి ఏడ్చిందని, "నన్ను మర్చిపోయింది పెద్దమ్మా" అంటూ నిన్న నువ్వూ ఏడ్చావు. ఎనిమిది తొమ్మిది నెలల పిల్లలకు కొత్త మొహాలంటే బెరుకు. ఆ వయసులో అది మామూలే, టెన్షన్ పడకు.

నా మేనల్లుడికి ఇప్పుడు 15 ఏళ్లు. అన్నీ కలిపినా వాడితో ఒకే ఇంట్లో ఉన్నది మూడు నెలలు దాటదు. మొదట్లో ఫోన్ ఎత్తగానే "అత్తకి ముద్దు పెట్టు, ఆ పాట పాడు" అని వెంటపడేదాన్ని. వాడు ఫోన్ చూస్తేనే పారిపోయేవాడు. ఒకరోజు దాన్ని నేలమీద పడేసి పోయాడు. నాకు పైన తిరిగే ఫ్యాను తప్ప ఏమీ కనపడలేదు. పెట్టేద్దామనుకుని ఎందుకో ఆగాను. బొమ్మ కారు గరగర, నోటితో హారన్ వినిపిస్తున్నాయి. నేనూ ఇటునుంచి "పీం" అన్నాను. చప్పుడు ఆగింది. కాసేపటికి ఫ్యానుకి అడ్డంగా ఓ ముక్కు, రెండు కళ్లు! ఆ ఏడాదంతా మా కబుర్లు అవే.

అందుకే పాపని ఏదీ చేసి చూపించమనకు. తన ఆటలో నీకో చోటు దొరికేదాకా కూర్చో. మాట్లాడేటప్పుడు కెమెరా వైపు చూడు, తన కళ్లలోకి చూసినట్టుంటుంది. అప్పుడు నీకు పాప సరిగ్గా కనబడదనుకో, ఆ మాత్రం నష్టం తప్పదు. చిన్నపిల్లకి స్క్రీన్ ఎందుకని మీ అక్క సందేహిస్తే, అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్లు వద్దంటూనే వీడియో కాల్స్‌ని మినహాయించిందని చెప్పు. అంతకుమించి పెంపకం గురించి ఒక్క సలహా ఇవ్వకు. రాత్రుళ్లు మేలుకునేది తను.

బట్టలు పంపేముందు కొలత అడుగు. నా మనసులో వాడెప్పుడూ ఏడాది చిన్నవాడే, రెండుసార్లు బిగుతైపోయాయి.

కలిసినప్పుడు ఎగబడి ఎత్తుకోకు. మూడేళ్లప్పుడు వాడు వాళ్లమ్మ వెనక దాక్కుంటే, నేను ఓ మూల కూర్చుని కాగితం పడవలు చేశాను. సాయంత్రానికి వచ్చి ఒకటి లాక్కున్నాడు.

పెద్దయ్యాక మార్కులు అడక్కు, పోయినసారి తను చెప్పిన సంగతి అడుగు. ఊడిన పన్ను, అలిగిన స్నేహితుడు, అన్నీ నేను నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. వాడికి ఇప్పటికీ తెలియదు.

ముందు పాప పగలు ఏ వేళకి నిద్ర లేస్తుందో మీ అక్కనడుగు. లేచి, కడుపు నిండాక చెయ్యి ఫోన్.

మీ పెద్దమ్మ