యాజమాన్యమా, గృహనిర్వాహకత్వమా?

సందేహం: మా క్రైస్తవ సంఘంలో కోత పండుగకు కరపత్రం వేస్తున్నాం. ‘దేవుడిచ్చిన తలాంతుల, వనరుల యాజమాన్యం’ అని శీర్షిక పెట్టాను. పెద్దలు ‘యాజమాన్యం’ కొట్టేసి ‘గృహనిర్వాహకత్వం’ అని దిద్దారు. ఆ మాట వింటే పిల్లలకు ఇంటిపని గుర్తొస్తోంది. ఏది సరి? ‘తలాంతు’ అనేది ఇంగ్లీషు ‘టాలెంట్’ను మనవాళ్లు పలికిన తీరేనా?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

సమాధానం: పెద్దలు దిద్దింది సబబే. యజమానుడంటే మొదట యజ్ఞం చేయించుకునేవాడు. ఖర్చూ అతనిదే, ఫలమూ అతనిదే. అక్కడి నుంచి సొత్తుకు ఒడయుడనే అర్థం స్థిరపడింది. వ్యవసాయ పేజీల్లో ‘నీటి యాజమాన్యం’, ‘ఎరువుల యాజమాన్యం’ అని చదివి చదివి మనం దాన్ని నిర్వహణకు మారుమాటగా వాడేస్తున్నాం. శనగ చేనుకు ఎరువు ఎంత వేయాలో చెప్పే వ్యాసంలో ఆ మాట ఉంటే నాకు పేచీ లేదు. కానీ మీ కరపత్రం చెప్పదలచుకున్నదే ‘ఈ సొత్తు మనది కాదు’ అని. శీర్షికేమో మనల్నే యజమానులను చేసి కూర్చోబెట్టింది!

‘గృహనిర్వాహకుడు’ బైబిలు కొత్త నిబంధన మూలభాష గ్రీకులోని ‘ఒయికొనొమొస్’కు తెలుగు. ‘ఒయికొస్’ అంటే ఇల్లు. ఇల్లంటే వంటిల్లొక్కటే కాదు, ఆస్తిపాస్తులు, పనివాళ్లు, రావలసిన బాకీలు అన్నీ కలిసిన సంసారం. లూకా సువార్త 16వ అధ్యాయంలో ఒక ధనవంతుడి ఆస్తి చూసే గృహనిర్వాహకుడి కథ ఉంది. అతని చేతిలో ఉన్నవి నూనె, గోధుమల బాకీ చీట్లు. పిల్లలకు ఆ కథ ఒకసారి చదివి వినిపించండి, చీపురుకట్ట ఊసు మరిచిపోతారు.

మీ వైపు చేను గుత్తకు ఇస్తారు కదా. తెలుగు బైబిలులోనూ గుత్త ఉంది. మత్తయి 21లో యజమాని ద్రాక్షతోటను కాపులకు ‘గుత్తకిచ్చి’ దేశాంతరం పోతాడు. అనువాదకులకు మాట తెలియక కాదు, లూకా 16లో దాన్ని కావాలనే వాడలేదనిపిస్తుంది. గుత్త కట్టాక మిగిలింది గుత్తదారుదే. గృహనిర్వాహకుడికి అలాంటి మిగులు లేదు, పైసాపైసాకూ లెక్క చెప్పాలి. ‘ధర్మకర్త’ అర్థానికి దగ్గరిదే గానీ, తెలుగులో ఆ మాట వినగానే ఎక్కువగా గుడే గుర్తొస్తుంది.

శీర్షికలో ఆ పొడుగు మాట ఇమడకపోతే ‘దేవుడు మనకు అప్పగించినవి’ అని పెట్టండి. మత్తయి 25లో యజమాని తన ఆస్తిని దాసులకు ‘అప్పగించి’ వెళతాడు. లూకా 16లో యజమాని ‘లెక్క అప్పగించుము’ అంటాడు. ఇవ్వడానికీ, తిరిగి లెక్క చెప్పడానికీ ఒకటే క్రియ. ఈ సౌలభ్యం ఎన్ని భాషలకు దొరుకుతుంది?

ఇక తలాంతు. ‘టాలెంట్’ దీనికి తోబుట్టువే తప్ప తల్లి కాదు. రెండింటికీ మూలం గ్రీకు ‘తలాంతొన్’. అది ఒక తూకం, ఆ తూకపు వెండికీ అదే పేరు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. దేనారం రోమా వెండి నాణెం. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఒక దేనారం. ఇందాకటి మత్తయి 25 ఉపమానంలో ఒక దాసుడు తనకిచ్చిన ఒక్క తలాంతునూ భూమిలో పాతిపెడతాడు. అంటే ఒక్కటే దొరికిందని మనం జాలిపడే ఆ దాసుడు పాతిపెట్టింది సుమారు పదహారేళ్ల కూలి! నేర్పు అనే అర్థం ఇంగ్లీషులో ఈ ఉపమానం వల్లే పుట్టింది. మన సంఘాల్లోనూ పాడటం, బోధించడం వంటివాటిని తలాంతులంటున్నారు. వాడుకలో నిలిచిన అర్థం కాబట్టి తప్పు పట్టను.

అయితే ఉపమానం చదివేటప్పుడు మాత్రం ‘ప్రతిభ’ అని మార్చకండి. అక్కడ తలాంతులు ఇచ్చింది ‘ఎవని సామర్థ్యము చొప్పున వానికి’. తలాంతును ప్రతిభ చేస్తే, ప్రతిభను బట్టి ప్రతిభ ఇచ్చాడని చదువుకోవలసి వస్తుంది.