మందు తాగించినా కోళ్లలో నట్టలు మళ్లీ ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న: పెరట్లో 20 దాకా వనరాజ, నాటు కోళ్లను వదిలి పెంచుతున్నాము. మేత బాగానే తింటున్నా పిల్లలు ఎదగడం లేదు. పెట్టల జుట్లు పాలిపోయి, గుడ్లు తగ్గాయి. ఒక కోడిని కోసినప్పుడు పేగులో బెత్తెడు పొడవున తెల్లటి పురుగులు కనిపించాయి. మందుల షాపులో ఇచ్చిన పైపరజిన్ తాగించినా నెలన్నరకే పరిస్థితి మళ్లీ మొదటికి వచ్చింది. మందు నకిలీదా? ఈ కోళ్ల మాంసం, గుడ్లు తినవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: మీరు చూసినవి ఏలిక పాములు కావచ్చు. ఇవి 5 నుంచి 12 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. మూడు నెలల లోపు పిల్లలనే ఎక్కువగా బాధిస్తాయి. మందును అనుమానించనక్కరలేదు. పైపరజిన్ ముదిరిన పురుగులను చచ్చుబడేటట్లు చేసి రెట్టతో బయటికి పంపుతుంది గానీ, పేగు పొరలో దాగిన పిల్ల పురుగుల మీద అంతగా పనిచేయదు. పైగా రెట్టతో నేలపై పడిన పురుగు గుడ్లు వెచ్చని తడి మట్టిలో రెండు మూడు వారాలకు సోకే దశకు వచ్చి, నెలల తరబడి బతికి ఉంటాయి. కోడి వాటిని మింగిన తరువాత పురుగు ముదిరి తిరిగి గుడ్లు పెట్టడానికి 5 నుంచి 8 వారాలు పడుతుంది కనుక, మీ నెలన్నర లెక్క అందులోనే ఉంది.

అంట్లు తోమే చోట ఎప్పుడూ తడిగా ఉండే మట్టిని, అందులో పడిన మెతుకుల కోసం మీ కోళ్లు రోజంతా గీరుతున్నాయేమో గమనించండి. నా అనుభవంలో సగం జబ్బు అక్కడే ఉంటుంది. ఆ నీటిని మళ్లించి, మేతను నేల మీద చల్లకుండా తొట్టిలో పెట్టి, గూటిలోని రెట్టను రోజూ ఎత్తివేసి, పిల్లలను పెద్ద కోళ్ల నుంచి వేరుగా ఉంచండి. పైకి ఆరోగ్యంగా కనిపించే పెట్ట కూడా పురుగు గుడ్లను వెదజల్లుతూ ఉంటుంది.

రెట్టలో బియ్యపు గింజల వంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే అవి బద్దె పురుగులు. చీమలు, పేడపురుగుల వంటివి తిన్నప్పుడు సోకే వీటికి పైపరజిన్ పనిచేయదు. అందువల్ల నాలుగైదు కోళ్ల తాజా రెట్టను పశువైద్యశాలలో పరీక్ష చేయించి, డాక్టరు రాసిన మందునే, చెప్పిన గడువుకు రెండోసారి కూడా వాడండి. నీటిలో కలిపే మందైతే పుంజులే ముందు తాగి బక్క పిల్లలకు మిగల్చవు కనుక వాటికి విడిగా పట్టించాలి. పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే మాత్రం అది రక్తపారుడు కావచ్చు. దానికి నట్టల మందు పనికిరాదు, ఆలస్యం చేయకూడదు.

ఈ ఏలిక పాములు మనుషులకు సోకవు. పేగులు పారవేసి, మాంసం బాగా ఉడికించి తినవచ్చు. అయితే మందు వాడిన తరువాత డాక్టరు చెప్పినన్ని రోజులు మాంసం, గుడ్లు వాడకండి. అరుదుగా పురుగు కోడిగుడ్డు లోపలికి కూడా చేరుతుంది; కొట్టినప్పుడు కనిపిస్తే ఆ గుడ్డును పారవేయండి.