టెక్ సందేహాలు: %1 చుట్టూ కోట్స్ పెడితే చాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే కొందరి కంప్యూటర్లలో ‘ఫైల్ దొరకలేదు’ అని వస్తోంది. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కితే మా సాఫ్ట్‌వేర్‌లో బిల్లు తెరుచుకునేలా కూడా ఇన్‌స్టాలర్‌లో పెట్టాం. ప్రోగ్రామ్‌ను తెరిచే కమాండ్‌లో ఫైల్ పేరో, లింకో వచ్చి చేరే చోటు %1 కదా, దాని చుట్టూ డబుల్ కోట్స్ పెడితే సరిపోతుందా?

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫైల్ పేరు ‘కోఠి షాపు మార్చి’. ఎర్రర్‌లో మాత్రం ‘కోఠి’ దగ్గరే తెగిపోయింది. కోట్స్ లేకపోతే ఖాళీ వచ్చిన ప్రతిచోటా ప్రోగ్రామ్ దాన్ని వేరే ముక్క అనుకుంటుంది. కోట్స్ పెట్టండి, ఫైళ్ల సమస్య తీరిపోతుంది. ప్రోగ్రామ్ పాత్ చుట్టూ కూడా పెట్టండి. ఇలాంటి ఫిర్యాదులు నాకు వస్తూనే ఉంటాయి. ఆఫీసులో ‘టెస్ట్1’ అని ఒక ఫైల్ పెట్టుకుని చూసి, పనిచేస్తోందని పంపేస్తారు. ఏ షాపు యజమానీ తన లెక్కల ఫైలుకు అలా పేరు పెట్టడు.

నా భయమంతా ఆ లింకు గురించే. విండోస్‌లో ఫైల్ పేరులో డబుల్ కోట్ ఉండటానికి వీల్లేదు కాబట్టి అక్కడ కోట్స్ కాపాడతాయి. లింకుకు అలాంటి అడ్డు లేదు. పైగా దాన్ని రాసేది మీరే కానక్కర్లేదు, ఎవరైనా రాయొచ్చు. మీ సాఫ్ట్‌వేర్‌కు ‘బ్యాకప్ ఫలానా ఫోల్డర్‌లో పెట్టు’ అనే ఆప్షన్ ఉందని రాశారు. ఎవడో లింకులో బిల్లు నంబరు తర్వాత ఒక డబుల్ కోట్ పెట్టి, ఆ వెనకే ఈ ఆప్షన్, తన సర్వర్ అడ్రసు చేర్చాడనుకోండి. మీరు పెట్టిన కోట్ అక్కడే మూసుకుపోతుంది. మిగతాదంతా మీ ప్రోగ్రామ్‌కు షాపు వాళ్లిచ్చిన ఆదేశంలాగే కనిపిస్తుంది. ఒక్క క్లిక్‌తో షాపు లెక్కలన్నీ వాడి చేతికి పోతాయి. బ్రౌజర్ ఆ కోట్‌ను %22గా (లింకుల్లో కోట్‌కు బదులు రాసే కోడ్) మార్చేస్తుందిలే అని ధీమాగా ఉండొద్దు. లింకు మెయిల్ నుంచో, డాక్యుమెంట్ నుంచో వచ్చినప్పుడు ఆ మార్పు జరుగుతుందన్న గ్యారంటీ లేదు.

ఇది ఊహ కాదు. డెస్క్‌టాప్ యాప్‌లకు చాలామంది వాడే ఒక ఫ్రేమ్‌వర్క్‌లో 2018 జనవరిలో ఇలాంటి లోపమే బయటపడింది. విండోస్‌లో సొంత లింకులు నమోదు చేసుకున్న యాప్‌ల చేత, లింకు నొక్కించి బయటివాళ్లు తమకిష్టమైన కమాండ్ నడిపించగలిగేవారు.

అందుకని %1కి ముందు ‘--’ పెట్టండి. ఇక్కడి నుంచి వచ్చేవి ఆప్షన్లు కావని దానర్థం. అయితే మీ ప్రోగ్రామ్ దాన్ని గుర్తించేలా రాసి ఉండాలి, లేదంటే అది ఉత్త అలంకారమే. ఆ పైన, లింకులో రావాల్సింది బిల్లు నంబరే కాబట్టి అంకెలు తప్ప ఏమొచ్చినా ప్రోగ్రామ్ తిప్పికొట్టాలి. లినక్స్‌లో ప్రోగ్రామ్‌ను ఎలా తెరవాలో చెప్పే డెస్క్‌టాప్ ఫైల్ రాసేటప్పుడు మాత్రం %1 లాంటివే అయిన %f (ఫైలుకు), %u (లింకుకు) చుట్టూ కోట్స్ పెట్టకండి. అక్కడి నియమం దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది.

అసలు ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ సొంత లింకు ఎందుకండీ? అడగకుండా నమోదు చేసేస్తారు, అన్‌ఇన్‌స్టాల్ చేశాక రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) అలాగే వదిలేస్తారు. మీ షాపుల్లో ఎంతమంది ఆ లింకు వాడుతున్నారో కనుక్కోండి. పదిమంది కూడా లేకపోతే తీసేయండి.

ఇంకో మాట. మీరు పంపిన సైలెంట్ ఇన్‌స్టాల్ (ఏమీ అడగకుండా ఇన్‌స్టాల్ చేసే) కమాండ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తోంది. ఇన్‌స్టాల్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో కమాండ్ లైన్ కాలమ్ ఆన్ చేస్తే అది అందులో కనబడుతుంది. పాస్‌వర్డ్ ఉన్న ఆ ప్రాపర్టీని దాచమని ఇన్‌స్టాలర్ ప్యాకేజీలో చెప్పకపోతే, ఇన్‌స్టాల్ జరిగిన తీరు రాసుకునే వివరమైన లాగ్‌లోనూ పడుతుంది. అన్ని షాపులకూ అదే పాస్‌వర్డ్ అయితే కోట్స్ సంగతి రేపు చూసుకోవచ్చు, ముందు దాన్ని ఈరోజే మార్చండి. నాకు పంపిన మెయిల్‌లో కూడా అది అలాగే ఉంది.