నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి రోజూ సైకిల్: 5,000లో ఏం కొనాలి, ఏం అక్కర్లేదు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది: గేర్ల సైకిల్ ఇప్పటికే ఉంది, నిజాంపేట నుంచి హైటెక్ సిటీ ఆఫీసుకి దాని మీద వెళ్లాలనుకుంటున్నారు, వచ్చేటప్పటికి చీకటి పడుతుంది, బట్టలకీ మిగతా సామానుకీ కలిపి 5,000 మించకూడదు. ఏ జెర్సీ మంచిది, కూర్చునే చోట మెత్తటి ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనాలా అని కూడా అడిగారు. నేను కూకట్‌పల్లిలో ఉంటాను. దాదాపు మీ దారే, జేఎన్‌టీయూ దగ్గర తిరిగి ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ మీదుగా సైబర్ టవర్స్ దాకా. నాలుగేళ్లుగా తొక్కుతున్నాను. జెర్సీ వద్దు, ప్యాడ్ షార్ట్స్ వద్దు. ఆ డబ్బు లైట్లకీ హెల్మెట్‌కీ తాళానికీ పెట్టండి. బట్టలు చాలావరకు మీ బీరువాలోనే ఉన్నాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా చేశాను. మొదటి నెల జీతంలో వెనక మూడు జేబులున్న జెర్సీ, ప్యాడ్ షార్ట్స్, సీటు మీద వేసే జెల్ కవరు కొన్నాను, మూడు వేలు దాటింది, లైటు వచ్చే నెల చూద్దాం అనుకున్నాను. అక్టోబరులో ఒకరోజు రాత్రి ఏడున్నరకి రైల్వే బ్రిడ్జి కింద నుంచి వస్తుంటే వెనక నుంచి ఒక ఆటో హ్యాండిల్‌కి రాసుకుంటూ పోయింది, నేను ఎడమవైపు పడిపోయాను. మోచేయి గీరుకుపోయింది, అరచేతి మీద తోలు లేచిపోయింది. ఆటో అతను పాపం ఆపి వెనక్కి వచ్చాడు, నీళ్లు ఇచ్చాడు, "అన్నా, నువ్వు అస్సలు కనబడలే" అన్నాడు. అతను నిజమే చెప్పాడు. నల్ల టీషర్టు, నల్ల బ్యాగు, సైకిల్‌తో వచ్చిన చిన్న రిఫ్లెక్టర్ బురద పట్టి ఉంది. ఆ రోజు నేను వేసుకున్న ప్యాడ్ షార్ట్స్ నాకు ఎందుకూ పనికిరాలేదు.

సైకిల్ సామాను గురించి మనకు దొరికే సలహాలు ఎక్కువగా ఆదివారం తొక్కేవాళ్లవి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ పైకప్పు ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. అక్కడికి తెల్లవారుజామున వెళ్లి రెండు మూడు గంటలు ఆగకుండా తొక్కేవాళ్లకి ఒంటికి అతుక్కునే జెర్సీ, ప్యాడ్ షార్ట్స్ నిజంగా అవసరం, వాళ్లు చెప్పేది వాళ్లకి కరెక్టే. మీది అరగంట, నలభై నిమిషాల ప్రయాణం, మధ్యలో డజను సిగ్నళ్లు, బస్సులు, ఆటోలు, యూటర్న్‌లు, చివర్లో మీటింగు. రెండూ వేరు వేరు పనులు, సామాను కూడా వేరు.

లైట్లు ముందు. వెనకకి ఎర్రది, యూఎస్‌బీతో చార్జ్ అయ్యేది, సీటు కింది రాడ్డుకి బిగించేది. నాది 400కి వచ్చింది, మూడేళ్లు దాటింది. ముందుది 700 దాకా పెట్టండి, ఎందుకంటే మన దారిలో వీధి దీపాలు బాగానే ఉన్నా ఫ్లైఓవర్ల కింద, తవ్వి వదిలేసిన చోట్ల గుంట కనబడాలంటే కాస్త వెలుతురు కావాలి. ముందు లైటుని కిందికి వంచి పెట్టండి, ఎదుటివాళ్ల కళ్లలో కొడితే వాళ్లు మన మీదకే వస్తారు. బ్యాగు వేలాడి వెనక లైటుని కప్పేస్తోందేమో కూడా ఒకసారి ఎవరినైనా వెనక నిలబెట్టి చూపించుకోండి.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. సైకిల్ బ్రాండ్ల వాళ్లు అమ్మే మెరిసే జాకెట్లు వేలల్లో ఉంటాయి. రోడ్డు పనివాళ్లు వేసుకునే ఆకుపచ్చ రిఫ్లెక్టివ్ జాకెట్టు చేసేది కూడా అదే పని, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో నేను 120కి తీసుకున్నాను. జాలీగుడ్డది అడగండి, గాలి ఆడుతుంది. అదే దుకాణంలో రంగులేని సేఫ్టీ కళ్లద్దాలు వందలోపు దొరుకుతాయి. సాయంత్రం పురుగులు, లారీల వెనక ఇసుక, అన్నిటికీ అవే. ఆటోమొబైల్ సామాన్ల దుకాణంలో రిఫ్లెక్టివ్ టేపు మీటరు లెక్కన కొని మడ్‌గార్డు మీద, హెల్మెట్ వెనక, రెండు పెడల్స్ అంచులకి అంటించండి. పెడల్స్ మీద టేపు పైకీ కిందికీ కదులుతూ మెరుస్తుంది కాబట్టి వెనక వచ్చేవాడికి ఇది సైకిల్ అని దూరం నుంచే తెలిసిపోతుంది.

హెల్మెట్ మన దగ్గర సైకిల్‌కి ఎవరూ అడగరు, అయినా కొనండి. లోపల ఈఎన్ 1078 అనే గుర్తు ఉందో లేదో చూడండి, అది సైకిల్ హెల్మెట్లకి యూరప్ ప్రమాణం. నేను మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించాను, చూడటానికి బాగుంది, తీరా చూస్తే ఏ గుర్తూ లేదు, బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. తిరిగి పంపేశాను. డెకాథ్లాన్ అనే స్పోర్ట్స్ సామాన్ల షాపులో వెయ్యికి కాస్త అటూ ఇటూగా మామూలు హెల్మెట్ దొరుకుతుంది, మన పనికి అది చాలు. ఖరీదు పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది, గాలి రంధ్రాలు పెరుగుతాయి. తల మీద పెట్టి చూసుకోకుండా కొనకండి: కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, తల ఊపితే కదలకూడదు. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే పైకి బాగానే ఉన్నా మార్చేయాలి, లోపల ఫోమ్ నలిగిపోయి ఉంటుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో మిగతావి ఏవైనా కొనండి గానీ హెల్మెట్ మాత్రం వద్దు.

తాళం సంగతి. సన్న కేబుల్ తాళాన్ని కటింగ్ ప్లేయర్‌తో నిమిషంలో తెంపుతారు. మా టీమ్‌లో ఒకతని సైకిల్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచే పోయింది, తెగిన కేబుల్ అక్కడే పడి ఉంది. యూ ఆకారంలో ఉండే గట్టి తాళం 900 నుంచి దొరుకుతుంది, ఫ్రేమునీ వెనక చక్రాన్నీ కలిపి ఏదైనా ఇనప కమ్మీకి వేయాలి. బరువుగా ఉంటుంది, రోజూ మోయక్కర్లేదు, ఆఫీసు పార్కింగ్‌లోనే కమ్మీకి వేసి వదిలేసి రండి, ఇంటి దగ్గరకి పాత తాళంతో పాటు ఒక గొలుసు చూసుకోండి. మొదటి రోజే సెక్యూరిటీ అన్నతో మాట్లాడుకుని కెమెరా కనబడే చోటు అడగండి.

ఇక బట్టలు. మీకు కావాల్సింది పాలిస్టర్ డ్రైఫిట్ టీషర్టులు రెండు, అంతే. జిమ్‌కి వేసుకునేవే, 250, 300కి ఎక్కడైనా దొరుకుతాయి. కాటన్ చెమటని పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, సాయంత్రం అదే మళ్లీ వేసుకోవాలంటే చాలా చిరాకు. డ్రైఫిట్‌ని ఆఫీసు బాత్రూమ్‌లో ఒకసారి జాడించి కుర్చీ వెనక ఆరేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. ఇది హైదరాబాద్ మాట. విజయవాడలో మా తమ్ముడు ఇదే చేయబోతే సాయంత్రానికి కూడా ఆరలేదన్నాడు, అక్కడి ఉక్కకి మూడో టీషర్టు బ్యాగులో పెట్టుకోవడమే మార్గం. ముదురు రంగులు వద్దు, పసుపో నారింజో తీసుకోండి. కిందకి మామూలు స్పోర్ట్స్ షార్ట్స్, లేదా కాలు దగ్గర బిగుతుగా ఉండే ట్రాక్ ప్యాంటు. జీన్స్ వద్దు, మధ్యలో ఉండే లావు కుట్టు తొడల దగ్గర కోస్తుంది, తడిస్తే ఆరదు. ఎప్పుడైనా ఆఫీసు ప్యాంటుతోనే తొక్కాల్సి వస్తే కుడి కాలు అంచుని మడిచి లావు రబ్బరు బ్యాండు వేయండి, చైన్‌లో పడి నలిగే పని ఉండదు.

ఆఫీసు బట్టలు రోజూ మోయకండి. సోమవారం క్యాబ్‌లోనో మెట్రోలోనో వెళ్లి నాలుగు షర్టులు, రెండు ప్యాంట్లు, బూట్లు, ఒక చిన్న తువ్వాలు, సబ్బు, పౌడరు డెస్క్ డ్రాయర్లో పెట్టేయండి, శుక్రవారం మాసినవి తెచ్చుకోండి. నాకు ఈ ఒక్క పద్ధతి వచ్చాక సైకిల్ మానేసే రోజులు బాగా తగ్గాయి. షవర్ లేకపోతే కంగారు పడొద్దు. చివరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కండి, దిగాక వెంటనే షర్టు మార్చకుండా పది నిమిషాలు ఫ్యాన్ కిందో ఏసీలోనో కూర్చోండి, తర్వాత తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని మార్చుకోండి. దిగీ దిగగానే మార్చుకుంటే కొత్త షర్టు కూడా తడుస్తుంది, చెమట ఆగడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.

ల్యాప్‌టాప్ బ్యాగుని వీపు నుంచి దించండి, సగం చెమట అక్కడే పోతుంది. మీ సైకిల్‌కి క్యారియర్ బిగించే రంధ్రాలు ఉంటే 600, 700లో క్యారియర్ వేయించి బ్యాగుని రెండు ఎలాస్టిక్ తాళ్లతో అడ్డంగా కట్టండి, కింద పాత యోగా మ్యాట్ ముక్క వేస్తే గుంటల్లో ల్యాప్‌టాప్‌కి దెబ్బ తగలదు. తాడు కొసలు చక్రంలోకి వేలాడకుండా చూసుకోండి.

ఇదే చున్నీకి కూడా వర్తిస్తుంది. మీరు రాసిన దాన్నిబట్టి మీ భార్య కూడా మొదలుపెట్టాలనుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను. చున్నీ బ్యాగులో ఉండాలి, మెడ చుట్టూ కాదు. వెనక చక్రంలో పడితే మెడకే ఉరి బిగుస్తుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లెగ్గింగ్స్ మీద పొట్టి కుర్తీ, లేదా టీషర్టు బాగుంటాయి.

వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే పెద్ద తలనొప్పి. బైక్ వాళ్ల రెయిన్‌కోటు వేసుకుని తొక్కితే బయట వానకంటే లోపల చెమటతో ఎక్కువ తడుస్తాం, తల మీంచి కప్పుకునే వదులు పాంచో అయితే గాలికి తెరచాపలా లేచి సైకిల్‌ని పక్కకి లాగుతుంది. నేను రెండేళ్ల నుంచి వాన బట్టలే మానేశాను. ఎలాగూ ఆఫీసులో పొడి బట్టలు ఉన్నాయి, మన వాన వెచ్చగానే ఉంటుంది, తడుస్తూ వెళ్లిపోతాను. ల్యాప్‌టాప్‌ని మాత్రం మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి మడిచి, దాని మీద బ్యాగు రెయిన్ కవర్. రెండు చక్రాలకీ పూర్తి పొడుగు మడ్‌గార్డులు వేయించండి, లేకపోతే వెనక చక్రం వీపంతా బురద చిమ్ముతుంది. కాళ్లకి వెనక పట్టీ ఉన్న శాండల్స్. స్లిప్పర్లు వద్దు, తడి పెడల్ మీద జారతాయి. గట్టి వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మాత్రం దిగి నడిపించండి, లేదా ఆ రోజు మెట్రో ఎక్కండి. నీళ్ల కింద మ్యాన్‌హోల్ ఉందో గుంట ఉందో ఎవరికీ తెలియదు.

సీటు నొప్పి గురించి భయపడుతున్నారు కదా, అందుకే ప్యాడ్ షార్ట్స్ అడిగారనుకుంటాను. ముందు సీటు ఎత్తు చూడండి. సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెడితే, పెడల్ కింద ఉన్నప్పుడు కాలు దాదాపు నిటారుగా రావాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది. మనవాళ్లు చాలామంది నేల అందాలని సీటు బాగా దించేస్తారు, మోకాళ్ల నొప్పి, సీటు నొప్పి రెండూ అక్కడి నుంచే. రెండు వారాలు తొక్కితే శరీరం అలవాటు పడుతుంది. జెల్ కవరు కొనకండి, మెత్తగా లోపలికి దిగిపోయి మధ్యలో నొక్కుకుని తిమ్మిరి ఎక్కుతుంది, నాకు అదే జరిగింది. నెల తర్వాత కూడా నొప్పి ఉంటేనే ప్యాడ్ షార్ట్స్ గురించి ఆలోచించండి, అప్పుడు దాని లోపల డ్రాయరు వేసుకోకూడదని గుర్తుంచుకోండి, కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. చేతులకి గ్లవ్స్ మాత్రం కొనండి, 200వి చాలు, పడినప్పుడు ముందు నేలకి తగిలేది అరచెయ్యే.

పంక్చర్‌కి ఒక స్పేర్ ట్యూబు, టైరుని రిమ్ము నుంచి ఊడదీసే లివర్లు రెండు, చిన్న పంపు, అన్నీ కలిపి 800 లోపు. రోడ్డు పక్క పంక్చర్ షాపులు చాలా ఉన్నాయి కానీ మీ ట్యూబుకి సన్న ప్రెస్టా వాల్వ్ ఉంటే వాళ్ల గాలి గొట్టం పట్టదు, దానికి ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, యాభై రూపాయల్లోపే, తాళంచెవుల గుత్తికి తగిలించుకోండి. వారానికోసారి గాలి చూసుకోండి, ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చయి ఉంటుంది. గాలి తక్కువైతే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది, నాకు మొదటి ఏడాది పంక్చర్లలో సగం అవే.

లెక్క వేస్తే లైట్లు రెండూ, జాకెట్టు, కళ్లద్దాలు, హెల్మెట్, తాళం, గ్లవ్స్, రెండు టీషర్టులు కలిపి 4,000 చిల్లర. మిగిలిన దాంట్లో ముందు పంక్చర్ సామాను, క్యారియర్ వచ్చే నెల, మడ్‌గార్డులు మే లోపు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, క్యారియర్, మడ్‌గార్డులు వేయించేటప్పుడు బిల్లు అడిగి చూసుకోండి. క్యారియర్, పంపు, తాళం లాంటివి మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా అడగండి, లాక్‌డౌన్‌లో సైకిల్ కొని పక్కన పెట్టేసినవాళ్లు చాలామంది ఉన్నారు, నా క్యారియర్ అలాగే 200కి వచ్చింది.

మీ సైకిల్ మోడల్, టైరు సైజు రాస్తే ఏ ట్యూబు, ఏ క్యారియర్ పడతాయో చెబుతాను. లైట్లు వచ్చేదాకా మాత్రం చీకట్లో తొక్కకండి, పొద్దున వెళ్లేటప్పుడు తొక్కి సైకిల్‌ని ఆఫీసులోనే తాళం వేసి, సాయంత్రం మెట్రోలో ఇంటికి వచ్చేయండి.