డిజైన్‌ను బయటపెట్టింది ఎవరో తెలుస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని చిన్న సంస్థ. మా సర్క్యూట్ డిజైన్‌ను లైసెన్సు మీద పలు చిప్ కంపెనీలకు ఇస్తున్నాము. వారిలో ఎవరైనా దానిని పరుల చేతికి ఇస్తే పట్టుకోగలమా? డిజైన్‌ను రాసిన కోడ్‌లో మా పేరు రాసి ఉంచితే సరిపోదా?

జవాబు: సరిపోదు. కోడ్‌లో కామెంటుగా రాసిన పేరు కోడ్‌ను గేట్లుగా, అంటే చిన్న చిన్న తర్క సర్క్యూట్లుగా మార్చే సింథసిస్ దశలోనే రాలిపోతుంది. గేట్లుగా మారిన డిజైన్‌లో దాని జాడ ఉండదు. గుర్తు డిజైన్ నిర్మాణంలోనే కలిసిపోయి ఉండాలి. సొత్తు ఎవరిదో చెప్పేది వాటర్‌మార్క్, అది అన్ని ప్రతుల్లోనూ ఒకటే. ఏ ప్రతి ఎవరికి ఇచ్చినదో చెప్పేది ఫింగర్‌ప్రింట్, అది ఒక్కొక్క కొనుగోలుదారుకు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. మీకు రెండూ అవసరమే, ఎందుకంటే సొత్తు మీదని తేలకుండా దొంగ ఎవరన్న వాదన నిలవదు.

ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్) డిజైన్లకు ఒక చక్కని పద్ధతిని లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1998లో ప్రచురించారు. అందులో డిజైన్‌ను చిన్న చిన్న గడులుగా విభజించి, గడుల మధ్య కలిసే తీగలను కదపకుండా, ఖాళీగా మిగిలిన లుకప్ టేబుళ్ల (ఆ చిప్‌లో గేట్ల పని చేసే చిన్న మెమరీల) చోటును మారుస్తూ ఒక్కో గడికి పనిలో ఏ తేడా లేని కొన్ని రూపాలను ముందే తయారుచేసి పెట్టుకుంటారు. గడికి 4 రూపాల చొప్పున 10 గడులుంటే 10,48,576 వేర్వేరు ప్రతులు వస్తాయి. ప్రతి కొనుగోలుదారు కోసం డిజైన్ మొత్తాన్ని మళ్లీ ప్లేస్‌మెంట్ (భాగాలకు చిప్‌లో చోటు కేటాయించడం), రూటింగ్ (వాటిని తీగలతో కలపడం) చేయనక్కరలేదు. చిన్న సంస్థకు నిజమైన ఆదా ఇదే.

అసలు చిక్కు కుమ్మక్కుతో వస్తుంది. ఇద్దరు కొనుగోలుదారులు తమ ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే తేడా ఉన్న గడులన్నీ బయటపడతాయి, ఆ గడులను కలగలిపి ఎవరికీ చెందని మూడో ప్రతిని తయారుచేయవచ్చు. కనుక రూపాలను ఇష్టం వచ్చినట్లు పంచకుండా, కుమ్మక్కైనవారిలో ఒకరినైనా పట్టించే గణిత సంకేత పద్ధతి ప్రకారం పంచాలి; దానికి గడుల సంఖ్య బాగా పెరుగుతుంది. పైగా నెట్‌లిస్టు (ఏ భాగం దేనితో కలుస్తుందో చెప్పే జాబితా) చేతికి చిక్కినవారు ప్లేస్‌మెంట్‌ను మొదటి నుంచి చేసుకుంటే గడుల్లోని గుర్తు పోతుంది. అందువల్ల గేట్ల స్థాయిలోనూ మరో గుర్తు ఉండడం మేలు: ఎన్నడూ కలిసి రాని ఇన్‌పుట్ల కలయికలను ఆసరాగా చేసుకుని, ఫలితం చెడకుండా ఒక గేటు బదులు మరొకటి పెట్టవచ్చు.

ప్రశ్న: చట్టప్రకారం నమోదు చేయిస్తే ఈ శ్రమ తప్పుతుందా?

జవాబు: తప్పదు. మన దేశంలో 2000 నాటి సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్ డిజైన్ చట్టం నమోదైన లేఅవుట్‌కు (చిప్ మీద భాగాలు, తీగల అమరికకు) 10 ఏళ్ల రక్షణ ఇస్తుంది. అయితే స్వతంత్రంగా ఆలోచించి అదే లేఅవుట్‌ను రూపొందించుకున్నవారిని ఆ చట్టం తప్పుపట్టదు. ఎదుటివారు సాధారణంగా ఎత్తుకునే వాదన అదే. మీ రహస్య గుర్తు వారి డిజైన్‌లోనూ కనిపిస్తే ఆ వాదన వీగిపోతుంది.